పెంటియం 2లో 850 కార్డు: ఎనిమిదేళ్ళు వాడాక

మా డీటీపీ సెంటర్ తెనాలిలో. 1999లో కొన్న ఒక్క కంప్యూటర్ మీదే చాలా ఏళ్ళు బతికాం. పెంటియం 2, 350 మెగాహెర్ట్జ్, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఒక కవితా సంపుటి, అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసేవాళ్ళం. 2003 ఆషాఢంలో దానికి కన్వర్టర్ కార్డు (కొత్త రకం ప్రాసెసర్‌ని పాత బోర్డులో పెట్టుకోవడానికి వాడేది) మీద పెంటియం 3, 850 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ వేశాను. 2011 వరకూ అదే నడిచింది. ఆ మెషిన్ మీద నేను పెట్టిన డబ్బులో రెండో మంచి ఖర్చు అది. మొదటిది ర్యామ్.

ర్యామ్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏ4 సైజు బొమ్మ 300 డీపీఐలో, సీఎంవైకేలో (అచ్చుకి వాడే నాలుగు రంగుల పద్ధతి) తెరిస్తే అదొక్కటే సుమారు 33 ఎంబీ. దాని మీద రెండు లేయర్లు వేశామంటే 64 ఎంబీ ఏ మూలకి? హార్డ్ డిస్క్ లైటు ఆరేదే కాదు. మన పని ఎక్కడ ఆగుతోందో ఆ చిన్న లైటే చెబుతుంది. అది అదే పనిగా వెలుగుతుంటే ఎంత పెద్ద ప్రాసెసర్ వేసినా డబ్బు వృథా. నేను ముందు ర్యామ్‌ను 384 ఎంబీకి పెంచాను. అప్పుడు లైటు ఆరింది గానీ ఫిల్టర్ వేసినప్పుడల్లా ఇసుక గడియారం గుర్తు మాత్రం కదలకుండా కూర్చునేది. డిస్క్ ఊరికే ఉంది, ప్రాసెసర్‌కే చేతకావడం లేదు. అప్పుడు కార్డు గురించి ఆలోచించాను.

(ర్యామ్ కొనేటప్పుడు ఒక మాట. 440బీఎక్స్ బోర్డుకి 256 ఎంబీ ముక్క కావాలంటే రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నది తీసుకోవాలి. ఎనిమిదే చిప్పులున్న 256 పెడితే 128గానే చూపిస్తుంది. విండోస్ 98 వాడేవాళ్ళు 512 దాటకపోవడమే మంచిది.)

పెంటియం 2 ప్రాసెసర్ టేప్‌రికార్డర్ క్యాసెట్‌లా ఉంటుంది. బోర్డు మీద స్లాట్ 1 అనే గాడిలో నిలువుగా గుచ్చాలి. ఎల్2 క్యాష్ (ప్రాసెసర్‌కి తరచూ కావలసినవి దగ్గర ఉంచే చిన్న మెమరీ) చిప్పులు అప్పట్లో ప్రాసెసర్ బయట, పక్కనే ఉండేవి, సగం వేగంతో నడిచేవి. అందుకే రెంటినీ కలిపి ఒక కార్డు మీద పెట్టారు. తర్వాత క్యాష్ ప్రాసెసర్ లోపలికే వచ్చేసింది. దాంతో కార్డు అవసరం తీరిపోయి ఇంటెల్ మళ్ళీ సాకెట్‌కి, అంటే సాకెట్ 370కి మళ్ళింది. ఆ సాకెట్ ప్రాసెసర్‌ని పాత స్లాట్‌లో పెట్టుకోవడానికి వచ్చిందే ఈ కన్వర్టర్ కార్డు. స్లాకెట్ అంటారు. నా పాత 350లో క్యాష్ 512 కేబీ ఉన్నా సగం వేగంతో నడిచేది. 850లో 256 కేబీయే, కానీ పూర్తి వేగం.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెళ్ళి కార్డుల పని ఉండదు. మెషిన్ రెండు రోజులు పడుకున్నా ఫరవాలేదని ఆ నెల ఎంచుకున్నాను. రాత్రి బండెక్కి సికింద్రాబాద్ వెళ్ళాను. పార్క్ లేన్‌లో ఒక షాపులో కార్డు దొరికింది, 850 దొరకలేదు. "866 ఉంది సార్, అదే రేటు, ఇంకా ఫాస్ట్ కదా" అన్నాడు. నాకూ సబబుగానే తోచి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పెట్టి స్విచ్ వేస్తే మొదటి స్క్రీన్ మీద 650 అని వచ్చింది.

ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది. కారణం తెలియడానికి ఒక పూట పట్టింది. 866 అనేది 133 మెగాహెర్ట్జ్ బస్ (ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి) మీద ఆరున్నర రెట్లు. ఆ ఆరున్నర ప్రాసెసర్ లోపల బిగించి ఉంటుంది, మనం మార్చలేం. మా బోర్డు బస్ 100. వందకి ఆరున్నర రెట్లు 650. బోర్డుని బలవంతంగా 133కి తోస్తే గ్రాఫిక్స్ కార్డు గుచ్చే ఏజీపీ స్లాట్ 66 మీద నడవాల్సింది 89కి పోతుంది, గ్రాఫిక్స్ కార్డు తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. అన్నం పెట్టే మెషిన్‌తో ఆ సాహసం చేయదలచుకోలేదు. 850 అయితే 100 బస్, ఎనిమిదిన్నర రెట్లు. మళ్ళీ బండెక్కాను. షాపు ఆయన మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు, సెకండ్ హ్యాండ్ 850 తెప్పించి ఇచ్చాడు. ప్రాసెసర్ 1,900, కార్డు 450 అయ్యాయి. రెండోసారి ప్రయాణం ఖర్చు వేరే. కాబట్టి ప్రాసెసర్ మీద రాసిన పెద్ద అంకె కాదు, దాని బస్ ఎంతో అడగండి.

వోల్టేజీ కూడా ముందే చూసుకోవాలి. నా పాత 350కి 2 వోల్టులు కావాలి, 850కి 1.75 లోపే చాలు. మొదట్లో వచ్చిన కొన్ని స్లాట్ 1 బోర్డులు 1.8కి కిందికి దిగవు. మాది దిగుతుందని మాన్యువల్‌లో ఉంది. కార్డుల్లోనూ పాత సెలెరాన్‌లకే పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఎఫ్‌సీ-పీజీఏ (850 లాంటి ప్రాసెసర్ల రకం పేరు) అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

బయాస్ (స్విచ్ వేయగానే బోర్డుని మేల్కొలిపే ప్రోగ్రామ్) అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. అది తీసేశాక కొత్తది బూట్ కాకపోతే మళ్ళీ పాతదే పెట్టుకోవాలి. ఫ్లాపీతో డాస్‌లోకి వెళ్ళి చేశాను. ఆ కొద్దిసేపు కరెంటు పోతే బోర్డు పోయినట్టే, అందుకని యూపీఎస్ నిండా చార్జ్ అయ్యాకే మొదలుపెట్టాను. అయినా టెన్షన్ తగ్గలేదు. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. పాత బయాస్ 32 జీబీ దాటిన హార్డ్ డిస్క్ దగ్గర ఆగిపోయేది, కొత్తది 40 జీబీని తీసుకుంది.

ఇక హీట్‌సింక్. ఈ ప్రాసెసర్‌కి పైన మూత ఉండదు, నడుమ చిన్న చిప్ అద్దంముక్కలా బయటికే ఉంటుంది. క్లిప్ బిగించేటప్పుడు ఒక పక్కకి ఒరిగితే మూల చిట్లిపోతుంది. కార్డుని టేబుల్ మీద పరిచి, హీట్‌సింక్ ముందు బిగించి, ఆ తర్వాతే స్లాట్‌లో గుచ్చాను. పెద్ద ఫ్యాన్ కొనకండి, పక్కనున్న ర్యామ్ స్లాట్‌కి తగులుతుంది. ఎస్‌ఎంపీఎస్ (మెషిన్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మార్చనక్కర్లేదు, పాతదైనా ఇదైనా 22 వాట్లకు అటూ ఇటూ.

శ్రావణంలో పని ఊపందుకుంది. 96 పేజీల పుస్తకం పీడీఎఫ్ చేయడానికి పదకొండు నిమిషాలు పట్టేది, ఐదుకి దిగింది. ఏ4 బొమ్మ మీద అన్‌షార్ప్ మాస్క్ (బొమ్మని పదునుగా చేసే ఫిల్టర్) మూడో వంతు సమయంలో అయ్యేది. కస్టమర్ పక్కన కూర్చుని "ఆ రంగు కాదండీ, ఇంకొంచెం ముదురుగా" అన్నప్పుడు అప్పటికప్పుడు మార్చి చూపించగలిగాను. రోజుకి ఇద్దరు ముగ్గురు ఎక్కువ వచ్చినా తట్టుకున్నాం. కానీ విండోస్ తెరుచుకోవడం, ప్రింటర్‌కి వెళ్ళడం, ఫైల్ కాపీ అవడం దాదాపు ఎప్పటిలాగే ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో మామూలు టైపింగ్‌లో తేడా ఏమీ తెలియదు.

నేను ఊహించని లాభం విండోస్ ఎక్స్‌పీ. 350 మీద ఒకసారి వేసి చూసి విసుగొచ్చి తీసేశాను. 850 మీద, ర్యామ్ 512 చేశాక హాయిగా నడిచింది. పని కోసం 98 అలాగే ఉంచి, పక్కన ఎక్స్‌పీ వేశాను. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఆప్షన్ టిక్ చేయగానే గౌతమి ఫాంట్‌తో యూనికోడ్ తెలుగు వచ్చింది. అప్పటిదాకా అను ఫాంట్ లేని చోట మా తెలుగంతా అర్థంకాని గుర్తులే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. ఆ పేజీలు నేను మొదట చదివింది ఈ మెషిన్ మీదే. మా నాన్నగారిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి చూపించాను.

ఎనిమిదేళ్ళలో కార్డు రెండుసార్లు ఇబ్బంది పెట్టింది. ఫ్యాన్ బరువుకి స్లాట్‌లో కాస్త కదిలి ఒక ఉదయం స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. బయటికి తీసి, కింది రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెడితే సరిపోయింది. ఇంకోసారి ఫ్యాన్ ఆగింది, కొత్తది వేశాను. అంతకుమించి ఏమీ లేదు.

2011 ఎండాకాలంలో బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి మెషిన్ ఆగిపోయింది. కార్డు మాత్రం బాగానే ఉంది. బాపట్లలో టైపింగ్ సెంటర్ నడిపే మా బావ దగ్గర అలాంటి బోర్డే ఉందంటే, బయాస్ చూసి, నేనే వెళ్ళి బిగించి వచ్చాను. స్విచ్ వేయగానే మొదటి స్క్రీన్ మీద 850 అని వచ్చింది.