బసాల్ట్ రాళ్ళకి ఐసోటోప్ పరీక్ష చేయించాం: ల్యాబ్ పనితీరు ఎలా ఉందంటే

లావా రాయి ఏ మూలం నుంచి కరిగి వచ్చిందో తేల్చాలంటే స్ట్రాన్షియం, నియోడిమియం, సీసం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) చూడాల్సిందే. రాయి కరిగినా ఈ బరువైన మూలకాల ఐసోటోప్ నిష్పత్తులు మారవు మరి. మా బసాల్ట్ శాంపిల్స్‌ని ఫీజు తీసుకుని చేసిపెట్టే ఒక ల్యాబ్‌కి పంపాం. ఒక్క విషయంలో తప్ప, పని చాలా బాగుంది.

అన్నిటికన్నా నచ్చింది, కొలిచే ముందు రాతిపొడిని వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగడం. మావి సముద్రం అడుగున గట్టిపడ్డ రాళ్ళు. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి (87, 86 బరువుల ఐసోటోపుల పాళ్ళు) దాదాపు 0.7092. సముద్ర మధ్య శ్రేణుల తాజా బసాల్ట్‌లో అది 0.703కి అటూ ఇటూ ఉంటుంది. పగుళ్ళలోకి ఉప్పునీరు దిగితే అంకె పెరిగిపోతుంది, మాగ్మాలో ఖండపు శిల కలిసిందేమోనని పొరబడతాం. వీళ్ళు మేం అడక్కుండానే ఒక రాయిని కడగకముందూ, కడిగాకా కొలిచారు. 0.7047 కాస్తా 0.7031కి దిగింది. నియోడిమియం మాత్రం కదల్లేదు. సముద్రపు నీటిలో అది అతి స్వల్పం కాబట్టి అలాగే ఉండాలి. ఆ రెండు వరుసలు చూశాక నా టెన్షన్ మొత్తం పోయింది.

మా శాంపిల్స్‌తో పాటే ఎన్‌బీఎస్ 987 ప్రమాణాన్ని (నిష్పత్తి ముందే తెలిసిన స్ట్రాన్షియం నమూనా) కూడా నడిపి, వచ్చిన విలువ రిపోర్టులో ఇచ్చారు. 0.71025 దగ్గరే ఉంది. తేడాలు నాలుగో దశాంశంలో వెతికేచోట ఆ పేజీ లేని రిపోర్టును నేనైతే నమ్మను.

లోటల్లా వయసు దగ్గర. రాతిలోని రుబిడియం 87 మెల్లగా స్ట్రాన్షియం 87గా మారుతుంటుంది. దాని అర్ధాయువు (సగం మారడానికి పట్టే కాలం) దాదాపు 4,900 కోట్ల ఏళ్ళు కాబట్టి కొత్త లావాకి ఇబ్బంది లేదు. పాత రాయికైతే గట్టిపడ్డాక లోపల పుట్టిన స్ట్రాన్షియం 87ని లెక్కగట్టి తీసెయ్యాలి. దానికి రుబిడియం, స్ట్రాన్షియం ఎంతెంత ఉన్నాయో తెలియాలి, అదీ కడిగిన పొడిలోనే. ఆమ్లం ఆ రెంటినీ ఒకే మేర లాగదు. వాళ్ళ ఫారంలో వయసు అడిగే గడే లేదు. మేం గట్టిగా అడిగాక మిగిలిన పొడిలో కొలిచి పంపారు, దాంతో బాగా ఆలస్యమైంది. మీరు ముందే రాసివ్వండి.

సీసం కొలిపించేవాళ్ళు రంపం తగిలిన ముఖాలు అరగదీసి, రాయిని ముక్కలుగానే పంపడం మేలు. పొడి వాళ్ళే అగేట్ మిల్లులో చేస్తారు. హీలియం ఐసోటోపులు మాత్రం ఇక్కడ చెయ్యరు. అవి కావాలంటే రాతిలోని ఆలివిన్ అనే ఖనిజపు గింజలు ఏరి వేరే ల్యాబ్‌కి పంపుకోవాలి.