‘కొత్త’ అని కొడితే ఏ ముక్క ముదురుగా కనిపించాలి?

ఊరి పేరు వెతికే పెట్టెలో ‘కొత్త’ అని కొట్టగానే కింద నాలుగు వరుసలు తెరుచుకుంటాయి: కొత్తవలస, కొత్తగూడెం, కొత్తపేట, కొత్తపల్లి. ఈ వరుసల్లో కంటికి ఎత్తి చూపవలసింది ఏది? మనం కొట్టిన ‘కొత్త’నా, ఇంకా కొట్టని ‘వలస’, ‘గూడెం’ లాంటి ముక్కలనా? చూడటానికి చిన్న సంగతే. కానీ తెలుగులో వెతికేవారికి ఆ జాబితా సాయపడుతుందా, అడ్డుపడుతుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. కొట్టిన ముక్కను బోల్డ్ చేయడం మొదటిది. ప్రోగ్రాం రాసేవారికి ముందుగా తట్టేది ఇదే. రెండోది దానికి తలకిందులు: కొట్టిన ముక్కను మామూలుగా వదిలేసి, మిగతాదాన్ని బోల్డ్ చేయడం. గూగుల్ 2004 డిసెంబరులో ‘గూగుల్ సజెస్ట్’ పేరుతో ప్రయోగంగా మొదలుపెట్టి, 2008లో ప్రధాన పేజీకి తెచ్చిన సూచనల జాబితా ఈ రెండో దారిలో నడుస్తోంది. వికీపీడియా సెర్చ్ పెట్టెదీ అదే దారి.

మాటను మొదటి అక్షరం నుంచి పోల్చే జాబితాలకు నా ఓటు రెండో పద్ధతికే. నాలుగు వరుసల్లోనూ ‘కొత్త’ ఒకటే. దాన్ని ఇప్పుడే మన వేళ్లతో కొట్టాం, పైన పెట్టెలో కళ్లెదుటే ఉంది. దాన్నే నాలుగుసార్లు ముదురుగా చూపిస్తే చూపు అక్కడే చిక్కుకుంటుంది. వెళ్లవలసింది విజయనగరం జిల్లా కొత్తవలసకా, భద్రాద్రి జిల్లా కొత్తగూడేనికా అన్నది తేల్చేది చివరి ముక్క. ఎంచుకోవలసిన చోటే చూపు పడాలి.

మాట మధ్యలోనూ వెతికే జాబితాలకు మాత్రం ఈ తీర్పు చెల్లదు. పుస్తకాల జాబితాలో ‘వైద్యం’ అని కొడితే ‘పశువైద్యం’, ‘ఇంటి వైద్యం’, ‘పల్లెల్లో నాటు వైద్యం’ వస్తాయి. ఈ వరుస ఎందుకు వచ్చిందో చదివేవారికి వెంటనే తెలియాలి. అందుకే ఇక్కడ కొట్టిన ముక్కనే చూపించాలి. మిగతాది ముదురు చేస్తే మాటకు రెండు వైపులా నల్లటి దిమ్మలు మిగిలి, అసలు సంగతి మధ్యలో నలిగిపోతుంది.

ఇంతవరకు చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగుకు వచ్చేసరికి అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి ఉంది: ఎత్తి చూపడం దేనితో? బోల్డ్‌తోనా, రంగుతోనా, కింద గీతతోనా?

నాకు ఇది పుస్తకాల దగ్గర తెలిసివచ్చింది. ఒక చిన్న గ్రంథాలయం కోసం పుస్తకాల జాబితా కంప్యూటర్‌లో పెట్టాం. సూచనల్లో బోల్డ్ నేనే పెట్టాను. వారం తిరగకుండా ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఫోను చేశారు.

‘‘బాబూ, తిరుపతి అని వెతుకుదామని త కొట్టాను. కింద త పక్కన చుక్కల సున్న ఒకటి వచ్చి, దాని నెత్తిన గుడి కూర్చుంది. ఇది మా ఫోను లోపమా?’’

‘‘కాదు మాస్టారూ, లోపం నాదే’’ అన్నాను.

జరిగింది ఇది. కంప్యూటర్ దృష్టిలో ‘తి’ ఒక అక్షరం కాదు. త అనే సంకేతం, గుడి అనే సంకేతం, మొత్తం రెండు. మాస్టారు త కొట్టగానే నా ప్రోగ్రాం ‘తిరుపతి’ని త దగ్గర నరికి, మిగతా ముక్కను బోల్డ్‌లో పెట్టింది. బోల్డ్ అంటే సాధారణంగా వేరే ఫాంటు ఫైలు. త ఒక ఫైలులో, గుడి ఇంకో ఫైలులో ఉంటే ఆ రెండింటినీ కలిపి గీయడం బ్రౌజర్ వల్ల కాదు. ఆధారం లేని గుడికి చుక్కల వలయాన్ని తెచ్చి తగిలిస్తుంది. బడిలో గుణింతం దిద్దించిన మనిషికి ఆ వలయం ఎంత ఎబ్బెట్టుగా కనిపించి ఉంటుందో నేను ఊహించగలను.

బోల్డ్‌తో ఇంకో రెండు చిక్కులున్నాయి. తెలుగు ఫాంట్లు చాలావాటికి బోల్డ్ రూపమే లేదు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, ఎన్టీఆర్ ఒకే మందంతో ఉన్నవి. అలాంటప్పుడు బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే ఉబ్బించి నకిలీ బోల్డ్ తయారుచేస్తుంది. చిన్న సైజులో ‘ష్ఠ’, ‘జ్ఞ’ లాంటివి సిరా ఒలికిన మచ్చల్లా మిగులుతాయి. పైగా బోల్డ్ అక్షరం వెడల్పు. ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా ఆ ముక్క పలచబడి, మాట మొత్తం ఎడమకు జరుగుతుంది. చదువుతున్న వరుస కళ్ల ముందే కదిలిపోతుంది.

కింద గీత ఇంగ్లీషుకు సరిపోతుందేమో కానీ తెలుగుకు నప్పదు. మన వత్తులు ఎక్కువగా అక్షరం కిందే ఉంటాయి. బ్రౌజర్లు వత్తు తగిలిన చోట గీతను ఆపి మళ్లీ మొదలుపెడతాయి కాబట్టి ‘కృష్ణపట్నం’ కింద గీత తునాతునకలుగా పడుతుంది. గీతను మరీ కిందికి జరిపితే అది ఏ వరుసదో తెలియదు. ఇక వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ‘మార్క్’ ట్యాగు మామూలుగా ఇచ్చే పసుపు పూత, పేజీలో ఒకటి రెండు చోట్ల బాగుంటుంది. పది వరుసల జాబితాలో అది పసుపు స్తంభమై కూర్చుంటుంది.

మిగిలింది రంగు. నేను చివరికి దానికే వచ్చాను. మొదటి నుంచి పోల్చే జాబితాలో కొట్టిన ముక్క బూడిద రంగులో, మిగతాది నలుపులో. మధ్యలో వెతికే జాబితాలో కొట్టిన ముక్కకు ముదురు నీలం. రంగు మాత్రమే మారితే ఫాంటు మారదు కాబట్టి చాలా బ్రౌజర్లలో అక్షరం చెదరదు, వెడల్పు మారదు. అయితే బూడిద రంగును మరీ పలచన చేయకూడదు. వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. ఎండలో బస్టాండులో నిలబడి ఫోను చూసేవారికి ఆ కనీసం కూడా చాలదు.

మాటను ముక్కలు చేయకుండానే రంగు వేసే దారి కూడా ఇప్పుడుంది: బ్రౌజర్లే ప్రోగ్రాంలకు ఇచ్చే కస్టమ్ హైలైట్ ఏపీఐ అనే సదుపాయం. క్రోమ్‌లో 2022లో, సఫారీలో 2023లో, ఫైర్‌ఫాక్స్‌లో 2025లో వచ్చింది. రంగు, నేపథ్యం, గీత, నీడ లాంటివి మాత్రమే మార్చనిస్తుంది. అక్షరాల అమరికను కదిలించే పని దానికి నిషిద్ధం కనుక బోల్డ్‌కు అందులో చోటు లేదు. తెలుగుకు కావలసింది అదే.

రంగు ఎంచుకున్నా, కోత ఎక్కడ పెట్టాలన్నది మిగిలే ఉంటుంది. ‘క్షేత్రం’ చూడండి. చదివేవారికి రెండు అక్షరాలు, కంప్యూటర్‌కు ఎనిమిది సంకేతాలు. సంకేతాల లెక్కన కోస్తే క వేరు, ష వేరు అవుతాయి. తర్వాత వచ్చే గుణింతపు గుర్తులను కలుపుకుంటే చాలనుకునేవారున్నారు. చాలదు. అలా కలిపితే క పక్కన పొల్లు చేరి ‘క్’ అవుతుంది, ష మళ్లీ బయటే ఉండిపోతుంది. పొల్లు తర్వాత హల్లు ఉంటే దాన్నీ, దాని గుణింతాన్నీ కలిపి ఒకే అక్షరంగా తీసుకోవాలి. లిపుల అక్షరాలకు సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ ప్రమాణంలో 2023లో వచ్చిన 15.1 కూర్పు ఈ సూత్రాన్ని తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేర్చింది. పాత బ్రౌజర్లు దాన్ని ఎరగవు కాబట్టి ఆ సూత్రానికి కావలసిన నాలుగు పంక్తుల ప్రోగ్రాం మనమే రాసుకోవడం మంచిది.

మరి క మాత్రమే కొట్టినప్పుడు ‘క్షే’కు ఏ రంగు వేయాలి? మొదటి నుంచి పోల్చే జాబితాలో అది పూర్తయ్యేదాకా కొట్టనట్టే లెక్క, నలుపులోనే ఉంచుతాను. మధ్యలో వెతికే జాబితాలో ఎక్కడ దొరికిందో చూపడమే పని కనుక అక్షరం మొత్తానికీ నీలం వేస్తాను.

రంగు వేసే చోటును, కొట్టిన మాట పొడవును బట్టి లెక్కించడం ఇంకో పొరపాటు. పుస్తకం పేరు ‘కంప్యూటర్‌తో లెక్కలు’ అనుకోండి. ‘ర్’, ‘తో’ కలిసిపోకుండా వాటి మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ ఒకటి ఉంటుంది. వెతికేవారు దాన్ని కొట్టరు. పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి, రంగు వేసేటప్పుడు మళ్లీ లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే రంగు ఒక సంకేతం ముందే ఆగి, ‘తో’లో త ఒక రంగు, ఓత్వం ఇంకో రంగు అవుతాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి వెతికేవారికి ఏ రంగూ వేయకపోవడమే మేలు. వారు కొట్టిన ‘హెచ్’ మహాప్రాణానిదా, హకారానిదా అని ఊహించి సగం మాటకు రంగు పూయడం కంటే, మాట మొత్తం శుభ్రంగా కనిపిస్తే వారే గుర్తుపడతారు.

మార్పులన్నీ చేశాక మాస్టారికి ఫోను చేసి, మళ్లీ త కొట్టి చూడమన్నాను. కొద్దిసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘‘గుడి త మీదే ఉంది బాబూ’’ అన్నారు.