సబ్‌టైటిల్స్ వెంట తొమ్మిది రోజులు

జపాన్ కొత్త సినిమాల కోసం టోక్యో వెళ్లేవారు టికెట్ కొనకముందే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ మామూలు విడుదలలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయరు. తప్పుపట్టడానికి లేదు, మన ఊళ్లో తెలుగు సినిమాకు జపనీస్ అక్షరాలు వేస్తున్నామా? కాబట్టి భాష రానివాడికి చిత్రోత్సవమే దారి. టోక్యో అంతర్జాతీయ చిత్రోత్సవంలో జపాన్ సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. నెలల తరువాత థియేటర్లకు రాబోయేవి కొన్ని అక్కడే మొదటిసారి తెర మీదికి వస్తాయి. 2024లో 37వ ఉత్సవం అక్టోబరు 28 నుంచి నవంబరు 6 వరకు జరిగింది. నేను 29న దిగి, ముగింపు రోజున తిరుగు విమానం ఎక్కాను.

టికెట్లు ఆన్‌లైన్‌లోనే. అమ్మకం మొదలైన పూట మా బ్యాంకు విదేశీ చెల్లింపును చూసి బెదిరి కార్డును ఆపేసింది. బ్యాంకువాళ్లతో ఫోనులో నా పుట్టిన తేదీ చెప్పుకుంటున్నంతసేపట్లో నేను ఎంచుకున్న సినిమాల్లో మూడు నిండిపోయాయి. వాటిలో ఒకటి యోషిదా దైహాచి తీసిన ‘తెకి’. నలుపు తెలుపుల్లో, ఒక విశ్రాంత ఫ్రెంచి సాహిత్య ఆచార్యుడి కథ. పోనీలే అనుకున్నాను. ముగింపు రోజున ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు బహుమతులు మూడూ దానికే వచ్చాయి. ఒక జపాన్ సినిమాకు అక్కడ అగ్ర బహుమతి రావడం 2005 తరువాత అదే మొదటిసారి. అది దేశమంతటా విడుదలైంది 2025 జనవరి 17న. అప్పటికి నేను ఇంట్లో పండగ అరిసెలు తింటున్నాను. వెళ్లదలచినవారు అమ్మకానికి ముందురోజే బ్యాంకుకు ఫోను చేసి పెట్టుకోండి.

ఉత్సవం 2021లో రొప్పొంగి నుంచి హిబియా, యూరాకుచో, గింజా ప్రాంతానికి మారింది. ఇది యాత్రికుడికి పెద్ద సౌకర్యం. ఏ హాలు నుంచి ఏ హాలుకైనా నడిచి వెళ్లవచ్చు. దారి తప్పితే హిబియాలోని గాడ్జిల్లా విగ్రహం దగ్గరికి వచ్చి మళ్లీ మొదలుపెట్టడమే. అయితే సినిమా తరువాత దర్శకుడితో ప్రశ్నోత్తరాలుంటే (ఇంగ్లీషు అనువాదకులుంటారు) తరువాతి ఆటకు కనీసం గంటన్నర ఎడం పెట్టుకోవాలి. నేను ఒకసారి గంట పెట్టుకుని, దర్శకురాలు అసలు విషయంలోకి వస్తున్న సమయానికి లేచి పరుగెత్తాను. నలుగురి మోకాళ్లను తాకుతూ బయటపడ్డ ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

హాళ్లలో హిబియాలోని పెద్ద మల్టీప్లెక్సుకు తెర, ధ్వని విషయంలో వంకపెట్టలేం. కానీ నాకు నచ్చింది గింజాలోని మారునోఉచి తోయెయ్. 1960లో కట్టిన పాత హాలు. నడవాలు ఇరుకు, కుర్చీలకు వయసు మీదపడింది, అయినా తెర ముందు కూర్చుంటే సినిమాకు వచ్చామన్న భావన కలుగుతుంది. 2025 జూలై 27న దాన్ని మూసేశారు. నేను చివరి ఏడాదిలో చూశానన్నమాట, తెలియకుండానే.

బస విషయానికొస్తే, మొదటి మూడు రాత్రులు కందా దగ్గర గదికి బదులు పడుకునేంత అర మాత్రమే ఇచ్చే ఒక క్యాప్సూల్ హోటల్‌లో ఉన్నాను. రాత్రికి సుమారు నాలుగు వేల యెన్లు. పరుపు శుభ్రంగా ఉంది, స్నానాల గది ఇంకా శుభ్రంగా ఉంది. ఇబ్బంది పగటిపూట. శుభ్రం చేయడానికి పది గంటలకే అందరినీ బయటికి పంపుతారు. అర్ధరాత్రి దాకా సినిమా చూసినవాడికి అది శిక్షే. పైగా శుక్రవారం రాగానే అద్దె దాదాపు రెట్టింపు. పెట్టె సర్దుకుని నిషికసాయికి మారాను.

నిషికసాయి టోక్యో తూర్పు అంచున, ఎదొగావా వార్డులో ఉంటుంది. భారతీయ కుటుంబాలు ఎక్కువ, మన తెలుగువాళ్లూ కనిపిస్తారు. నా చిన్ననాటి స్నేహితుడొకడు అక్కడే ఉంటాడు. వాళ్లింటికి రెండు వీధుల అవతల చిన్న హోటల్‌లో దిగాను. గదిలో పెట్టె తెరిస్తే నిలబడడానికి చోటు లేదు, కానీ తలుపు నాది, నిద్ర నాది. తోజాయ్ లైన్ ఎక్కి కయాబాచోలో హిబియా లైన్‌కు మారితే ఉత్సవం చేరినట్టే. ఒక్క జాగ్రత్త: ర్యాపిడ్ రైలు నిషికసాయిలో ఆగదు. ఆ సంగతి చెప్పించుకుని కూడా ఒక సాయంత్రం చూసిన సినిమా గురించే ఆలోచిస్తూ ఎక్కేశాను. తోయోచో దాటాక మా స్టేషన్ కిటికీలోంచి వెనక్కి జారిపోయింది. నది దాటి చిబా ప్రాంతంలోని ఉరాయాసులో దిగి, అటువైపు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.

తిండి సంగతి శాకాహారులకు చెబుతున్నాను. ఉమెబొషి అనే ఊరబెట్టిన పండు పెట్టిన అన్నం ముద్ద దుకాణాల్లో దొరుకుతుంది. ఉప్పుతో ఊరిన ఆ పులుపు మన ఊరగాయకు దూరపు చుట్టం. నూడుల్స్ పులుసు మాత్రం చూడడానికి అమాయకంగా ఉన్నా అందులో చేప ఉంటుంది. యూరాకుచో రైలు వంతెన కింద కోడిమాంసం కాలే పొగ గురించి చెప్పను, అది దాటడమే నిగ్రహానికి పరీక్ష. రాత్రి స్నేహితుడి ఇంట్లో పప్పుచారు ఉండేది.

ఖర్చు తగ్గించుకునేవారికి, నేను వెళ్లిన 2024 నాటి ధరలు: తోహో సంస్థ హాళ్లలో మామూలు టికెట్ 2,000 యెన్లు, నెలలో 1వ తేదీన, బుధవారాల్లో 1,300. క్యోబాషిలోని జాతీయ చలనచిత్ర భాండాగారంలో పాత సినిమా 520కే చూడవచ్చు, ఏడో అంతస్తులోని ప్రదర్శనశాల 250. సోమవారం సెలవు.

ఒక సాయంత్రం సబ్‌టైటిల్స్ లేకుండానే చూద్దామని పంతం పట్టాను. షిబుయాలో, గంటల లెక్కన గదులిచ్చే హోటళ్ల మధ్య యూరోస్పేస్ ఉంది. అలాంటి చిన్న హాళ్లను అక్కడ మినీ థియేటర్లంటారు. లాబీ గోడ పొడవునా రాబోయే సినిమాల కరపత్రాలు, ఎన్నయినా ఉచితం. ఆట మొదలైతే దగ్గు కూడా వినపడదు, చివరి పేరు తెర మీద నుంచి వెళ్లేదాకా ఎవరూ లేవరు. ఈలల మధ్య సినిమాలు చూసి పెరిగిన నాకు ఆ మౌనం మొదట బరువనిపించింది, తరువాత అలవాటైంది. సినిమా ఒక స్నానశాల నడిపే కుటుంబం గురించి. ఏళ్ల తరువాత భర్త తిరిగి వస్తాడు, భార్య అతనికి మాట్లాడకుండా తువ్వాలు అందిస్తుంది. నా కళ్లు తడిశాయి.

బయట డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఒకరు పలకరించారు. ఫోను అనువాదం మధ్యవర్తిగా నాది తెలుగు అని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ‘ఆర్ఆర్ఆర్’ ఏడుసార్లు చూశారట. అది జపాన్‌లో 2022 అక్టోబరు 21న విడుదలై నెలల తరబడి ఆడింది. ఆవిడ చూసిన ఏడింటిలో రెండు, ప్రేక్షకులు అరిచి, గోల చేయడానికి అనుమతించే ప్రత్యేక ఆటలట. అంత నిశ్శబ్దంగా కూర్చున్న ఈవిడే మన సినిమాకు గొంతు పోయేలా అరిచారని నమ్మడం కష్టమైంది.

టికెట్ కౌంటర్ దగ్గర నేను చూసిన స్నానశాల సినిమా పాంప్లెట్ అమ్ముతున్నారు. ప్రతి సినిమాకూ ఫొటోలు, వ్యాసాలతో ఒక చిన్న పుస్తకం వేయడం అక్కడి ఆచారం. పాతవి కావాలంటే జింబోచోలోని యాగుచి పుస్తకాల దుకాణంలో వెతకాలి. నేను ఒకటి కొని, రాత్రి స్నేహితుడి ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టి కథ చెప్పాను. అక్కడి బడిలో చదువుతున్న వాళ్లమ్మాయి పేజీలు తిప్పి, పాత్రల పట్టిక దగ్గర ఆగింది.

“మామయ్యా, ఆయన భర్త కాదు. వాళ్లన్నయ్య.”