పొందూరు ఖద్దరు కర్టెన్లు: వెలుతురు సరే, పడమటి కిటికీ సంగతి చూసుకోండి

శ్రీకాకుళంలో మా ఇంటికి పొందూరు ఖద్దరు కర్టెన్లు వేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నాకు వాటిలో నచ్చేది వెలుతురే. మిల్లు నూలంతా ఒకే మందంగా ఉంటుంది. చేత్తో వడికిన నూలు అలా కాదు, ఒకచోట సన్నం, ఇంకోచోట కాస్త లావు. పొద్దున్నే తూర్పు కిటికీ దగ్గర చూస్తే గుడ్డలో పోగు పోగూ విడిగా కనిపిస్తుంది. గదిలోకి మాత్రం కళ్లకు గుచ్చుకోని వెలుగు వస్తుంది. గాలి కూడా ఆడుతుంది. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినా తెర వేసుకునే కూర్చోగలం. ఇదివరకటి పాలిస్టర్ తెరలతో ఈ సుఖం ఎరగం.

వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, నూరో నంబరు నూలు వడికే ఆ సన్న ఖద్దరు కాదులెండి ఇది. దాన్ని కిటికీకి కట్టడానికి నాకు మనసు రాదు, ధర కూడా అందదు. మేం తీసుకున్నది చొక్కాలకు వాడే ముతక రకం.

కొత్తలో చుట్టాలందరికీ ఇవే కొనమని చెప్పేదాన్ని. పడమటి గదిలో జరిగింది చూశాక అంత గట్టిగా చెప్పడం మానేశాను. ఆ గదిలో ఒక కిటికీకి పసుపు తెర, పక్కదానికి తెల్ల తెర. పసుపుదాని రంగు పోదని కొట్టులో హామీ ఇచ్చారు. నిజమే, రంగు చెక్కు చెదరలేదు. గుడ్డే పోయింది! కిందటేడు ఉతకడానికి దించుతుంటే మడత దగ్గర వేలు తగిలి పర్రున చిరిగింది. ఎలుక కొరికిందేమో అనుకున్నాం. వెలుగులో పెట్టి చూస్తే కిటికీ అద్దం వైపు తిరిగి ఉండే మడతల అంచులే నిలువునా పెళుసెక్కాయి, నలిపితే పోగులు పొడిగా రాలాయి. మడత లోపలి గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. చిరుగులకు డార్నింగ్ చేసే టైలరుకు చూపిస్తే, పోగు సూదికి ఆగడం లేదన్నాడు. ఎండకు నూలు ఎలాగూ బలహీనపడుతుంది. పసుపు, నారింజ అద్దకాల్లో కొన్ని ఆ పని ఇంకా తొందరగా చేస్తాయట. పక్కనున్న తెల్ల తెర అదే ఎండ తిని కూడా నిలబడింది కాబట్టి నేను నమ్ముతాను. ఇంత ధర పెట్టించుకునే కొట్టువాళ్లు ఈ ఒక్క మాట ముందే చెప్పాల్సింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

బాగున్న ముక్కలతో దిండు గలీబులు కుట్టించాం. ఇప్పుడక్కడ కూడా తెల్లదే, అద్దం వైపు పల్చటి మల్లు గుడ్డ లైనింగ్‌తో. దాంతో ఆ గదిలో మునుపటి వెలుతురు సగానికి పడిపోయింది.

కుట్టించేముందు గుడ్డను నానబెట్టి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదైపోతుంది. వానాకాలంలో గంజి వద్దు, బూజు మచ్చలు పడతాయి.

తూర్పు, ఉత్తరం కిటికీలకైతే మళ్లీ ఇవే కొంటాను. మా అత్తగారు వీటిని చేత్తో ఉతికి నీడలో ఆరేస్తారు కాబట్టి మా ఇంట్లో సాగుతోంది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయి, అన్నీ మెషీన్‌లో వేసే ఇల్లయితే ముందు ఒక్క కిటికీకి వేసి చూడండి.