అమ్మను రప్పించాలా, డౌలాను పెట్టుకోవాలా?

అమెరికాలో కాన్పు అనగానే మనవాళ్ల ఇళ్లలో మొదటి ప్రశ్న అమ్మ వీసా. విజిటర్ వీసా మీద మామూలుగా 6 నెలల దాకా ఉండనిస్తారు. అమ్మ వస్తే వంట, బాలింత పథ్యం, బిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోయడం అన్నీ ఆమెవే. డబ్బు అడగదు, సలహాలూ ఆపదు.

డౌలా అంటే కాన్పు వేళ, ఆ తర్వాత తల్లికి తోడుండే శిక్షణ పొందిన సహాయకురాలు. గంటల లెక్కన వస్తుంది, పగలో రాత్రో. పాలిచ్చేటప్పుడు బిడ్డను ఎలా పట్టుకోవాలో పక్కన కూర్చుని చూపిస్తుంది. తల్లిని కాసేపు నిద్రపోనిస్తుంది, నాన్నకు డైపర్ మార్చడం నేర్పుతుంది. బాలింత దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లమంటుంది. నర్సు కాదు కాబట్టి మందులివ్వదు. ఖర్చు మాత్రం బాగానే అవుతుంది. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడి-కాల్ 2023 నుంచి డౌలా సేవలకు చెల్లిస్తోంది. ప్రైవేటు ఇన్సూరెన్సుల్లో కొన్ని ఇవ్వవు, ముందే అడగాలి.

అసలు తగవు పద్ధతుల దగ్గర. నాలుకకు తేనె రాయడం, సాంబ్రాణి పొగ, పక్కలో పడుకోబెట్టుకోవడం ఇక్కడి పిల్లల డాక్టర్లు వద్దంటారు. ఏడాది లోపు బిడ్డకు తేనెతో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఈ మాట కూతురు చెబితే అమ్మకు కోపం, డౌలా చెబితే కాస్త వింటుంది! అమ్మ వచ్చేట్టయితే డౌలాను మొదటి కొన్ని రాత్రులకే పెట్టుకోమంటాను. రాలేకపోతే బేబీ షవర్‌కి బొమ్మల బదులు డౌలా గంటలు అడగండి.