ఐదు ట్రేడ్ డాలర్ ప్రూఫులు, పన్నెండేళ్లు

అమెరికా ప్రభుత్వం నాణేలు కొట్టే ఫిలడెల్ఫియా మింటులో 1879 నుంచి 1883 దాకా కొట్టిన ట్రేడ్ డాలర్ ప్రూఫులు (అచ్చుకీ బిళ్లకీ మెరుగుపెట్టి ప్రత్యేకంగా కొట్టే నాణేలు), ఏడాదికొకటి చొప్పున ఐదూ పోగుచెయ్యడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను కాబట్టి చుట్టుపక్కల నాణేల ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెళ్లేవాణ్ని.

చైనాతో వ్యాపారానికని 1873లో మొదలైన డాలర్ ఇది. 1878 తర్వాత చలామణీకి కొట్టడం ఆపేసి, సేకరించేవాళ్ల కోసం ప్రూఫులు మాత్రమే వేశారు. 1880లో 1,987, మరుసటేడు 960. (1884వి పది, 1885వి ఐదే. వాటి జోలికి నేను పోలేదు.) అచ్చులకీ వెండి బిళ్లకీ ముందే మెరుగుపెడతారు కాబట్టి బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగం అద్దంలా ఉంటుంది. గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక్క టేబుల్ లైటు కింద మంచి ప్రూఫును కొంచెం వంచి చూడండి. అద్దం నల్లబడి, సరుకు మూటల మీద కూర్చున్న లిబర్టీ (స్వేచ్ఛకి ప్రతీకగా చెక్కిన స్త్రీ) ఒక్కతే తెల్లగా పైకి తేలుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

మొదట కొన్నది 1882ది. ఒక దుకాణంలో తళతళలాడుతుంటే వెయ్యికి పైగా డాలర్లు పెట్టి తెచ్చుకున్నాను. ఇంట్లో బూతద్దం పెట్టి చూస్తే అద్దం నిండా వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే వైపుకి. ఎవరో ఎప్పుడో గుడ్డతో తుడిచారు. నాణెం అసలైనదో కాదో చూసి, ఎంత బాగుందో అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసే గ్రేడింగ్‌కి పంపితే అసలైనదే అన్నారు కానీ, శుభ్రం చేసినదని అంకె ఇవ్వకుండా తిప్పి పంపారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఇప్పుడు మెరుపు చూసి కొనను. నా దగ్గరున్న వాటిలో 1880ది బూడిదరంగులో, అంచున నీలంగా ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు చేతికిస్తే ముందు ఎన్ని తులాలని అడిగింది. 27.22 గ్రాములు, రెండుంబావు తులాలకి కాస్త ఎక్కువే అన్నాను. "నల్లబడిందిరా, విభూతి పెట్టి తోమనా?" అంది. వద్దమ్మా, ఆ రంగు పట్టడానికి నూటముప్పై ఏళ్లు పైనే పట్టింది అని చెప్పి, లైటు కింద వంచి చూపించాను. నీలం కింద అద్దం చెక్కుచెదరకుండా కనిపించింది. ఇక తోమే మాట ఎత్తలేదు.

కష్టాలూ ఉన్నాయి. సీల్ చేసిన ప్లాస్టిక్ పెట్టె మీద గీతలుంటే అవి నాణెం మీదివో పెట్టెవో తేల్చుకోవడం కష్టం. పెట్టె మీది అంకె ఒకటే ఉన్నా రెండు నాణేలు ఒకేలా ఉండవు, కాబట్టి ఫొటో చూసి కొనకండి. మెత్తటి పీవీసీ కవర్లలో అసలు పెట్టకండి, పచ్చటి జిగురు పడుతుంది. అమ్మాలంటే నెలలు ఆగాలి, తొందరగా డబ్బు కావాల్సినవాళ్లకి ఇది సరిపడదు.

మంచి 1882 పోయినేడు దొరికింది. పాతదాన్ని అమ్మలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంటికొస్తే ముందు దాన్నే లైటు కింద పెట్టి, ఆ గీతలు చూపిస్తాను.