అమ్ములపొది కిట్: తోలు మంచిదే, దారం చాలదు

బాణాలు పెట్టుకునే అమ్ములపొదిని ఇంట్లోనే కుట్టుకునే కిట్ ఇది. పెట్టె విప్పగానే గుప్పున బెరడు వాసన. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, 2 మిల్లీమీటర్ల మందం, మడిచి చూస్తే ఒక్క పగులు రాలేదు. దాంతోపాటు గుండ్రటి అడుగు ముక్క, భుజం పట్టీ, ఇత్తడి బకిల్, అడుగున పరవడానికి ఉన్నితో ఉన్న గొర్రె తోలు, రెండు సూదులు, మైనం పట్టించిన నార దారం. ప్లాస్టిక్ ముక్క ఒక్కటి లేదు. ఇక్కడిదాకా ఏ పేచీ లేదు.

చిక్కంతా సూచనల కాగితంతోనే. 'తోలు తడిపి, గుండ్రంగా చుట్టి, క్లిప్పులు పెట్టి ఆరనివ్వండి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంట్లో ఉన్న ఇనుప క్లిప్పులు పెట్టాను. తెల్లారి చూస్తే క్లిప్పు పెట్టిన ప్రతిచోటా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు! బెరడులో ఉండే టానిన్‌కి తడి మీద ఇనుము తగిలితే ఇంతేనట. పాతకాలంలో రాత సిరా చేసుకున్నదీ ఈ జోడీతోనే. నిమ్మరసం రుద్దితే కాస్త లేతబడ్డాయి గానీ పోలేదు. 'చెక్క క్లిప్పులే వాడండి' అని ఇంకో మూడు మాటలు రాయడానికి చోటు లేకపోయిందా?

రంధ్రాలు ముందే వేసి పంపారు కదా అని సంబరపడ్డాను. ఒక అంచుకు 70, రెండో అంచుకు 71. చివరిదాకా కుట్టాక గానీ తెలియలేదు. చెప్పులు కుట్టే ఆరతో ఇంకో రంధ్రం పొడిచి సర్దుకున్నాను. మీరు మాత్రం ముందే లెక్కపెట్టుకోండి.

కుట్టు మాత్రం నేర్చుకోదగ్గదే. ఒకే రంధ్రంలోంచి అటు సూది ఇటు, ఇటు సూది అటు వెళ్తాయి. ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. అయితే ఇది కుట్టు పొడవుకు సుమారు నాలుగింతల దారం తినేస్తుంది. 22 అంగుళాల కుట్టుకు ఏడడుగుల పైమాటే. వీళ్లిచ్చింది నాలుగు అంగుళాల ముందే అయిపోయింది. మిగతా కుట్టుకూ, అడుగు ముక్కకూ వేరే దారం తెచ్చుకున్నాను. ఆ గుండ్రటి ముక్క దగ్గర చెయ్యి లోపలికి పట్టదు, సూదిని పట్టకారుతో లాగాల్సిందే. వేళ్ల సంగతి అడక్కండి.

ఇక వాడకం. నా బాణాలు 28 అంగుళాలు. ఆరు అంగుళాలు బయటికి ఉంటాయి కాబట్టి ఈకలు తోలుకు రాసుకోవు. ఉన్ని వల్ల నడుస్తుంటే గలగల లేదు. రెండు వారాలకు మాత్రం మూతి నొక్కుకుపోయింది, బాణం తిరిగి పెట్టాలంటే రెండో చెయ్యి కావాల్సి వచ్చేది. లోపల కుట్టు వెంబడి సన్నటి కర్ర ఒకటి కట్టాను, నిలబడింది. గొప్ప కనిపెట్టాననుకున్నాను. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే ప్రాచీన మనిషి అమ్ములపొదికి కూడా ఊతంగా హేజెల్ కర్రే ఉందట. అతను బతికింది 5 వేల ఏళ్ల పైనాటి మాట! అప్పుడే తెలిసిన సంగతి ఈ కిట్ చేసినవాళ్లకు ఇంకా అందలేదు.

5కి 3 ఇస్తాను. ఆ మూడూ తోలుకే. తోలు విడిగా అమ్మితే రేపే ఇంకోటి కొంటాను, దారం, క్లిప్పులు నావి నేను చూసుకుంటాను.